‘ఆవిడొచ్చింది’ ఆట

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా రాసుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, విజయవాడలో ఉన్న ఆదివారాల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక గది తలుపు గడియ పెట్టుకుని, తడిపిన పాత చీరతో నన్ను నేను కిటికీ ఊచలకు కట్టేసుకునేదాన్ని. కళ్ళు మూసుకుని కట్టుకోవాలి, కళ్ళు మూసుకునే విప్పుకోవాలి. ముడి జారితే మళ్ళీ మొదటినుంచి.

ఒకసారి మా ఇంటి ఓనరుగారి భార్య తలుపు తట్టింది.

"ఏమ్మా, తలుపేసుకుని ఏం చేస్తున్నావు? గుమ్మం కిందనుంచి నీళ్ళొస్తున్నాయి."

"చీర ఆరేసుకుంటున్నానండీ."

"గదిలోనా? అంత ఎండ బయట పెట్టుకుని?"

ముడి విప్పుకోవడం కుదరక, ఊచలకు అంటుకుపోయి నిలబడే జవాబు చెప్పాను. ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆ నెలనుంచి నా గది ముందు ఆగి ఒక్క క్షణం చెవి పెట్టి విని మరీ వెళ్ళేది.

నాకు నీళ్ళంటే భయం. సముద్రపు ఒడ్డు పాలెంలో, ఉప్పెన వస్తే బతికి బయటపడటం ఎలాగో పిల్లలకు ఆటగా నేర్పడం నా ఉద్యోగం. ఆపద వేళ నా చేతులు పనిచేస్తాయో లేదో తెలియకుండా పిల్లల చేతులకు పాఠం చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే ఆ చీర, ఆ ఊచలు. అయితే ముడి వేయడమైతే ఒంటరిగా సాధన చేయొచ్చు. ఎవరో ఉన్నట్టుండి "వచ్చింది" అని అరిస్తే కాళ్ళు కదులుతాయో లేదో మాత్రం ఒంటరిగా తేలదు. మనకి మనం అరుచుకునే అరుపు లెక్కలోకి రాదు. ఆటలో అరిచేదాన్ని ఎప్పుడూ నేనే. నాకోసం అరిచినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి మైలవరంలో ఒక గ్రంథాలయంలో చేరాను. ముప్పై నిండకుండానే పదవీ విరమణ చేసిన పెద్దమనిషిలా అనుభవాలు రాయడం చూసేవాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది. కానీ నా స్థానంలో కొత్తమ్మాయి వస్తోందట. సంస్థ ఆ అమ్మాయికి ఇచ్చే కాగితాల్లో జీతం ఉంటుంది, సెలవులుంటాయి, పని ఏమిటో ఉండదు. అది నేను రాస్తున్నాను.

నోటికొచ్చిన పాఠం

విజయవాడలోని మా సేవాసంస్థకు కార్యదర్శి వెంకటరత్నం మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మెడలో విజిల్ లేకుండా నేనాయన్ని చూసింది ఒక్కసారే, దాని సంగతి తర్వాత చెబుతాను. బి.ఏ. పాసై, పుస్తకాలు చదవడం తప్ప వేరే పనేదీ రాని నన్ను ఆయన ఎందుకు తీసుకున్నారో నాకు తెలియదు. ఇంటర్వ్యూలో నేను తల ఎత్తలేదు. "ఈ అమ్మాయి పిల్లల్ని భయపెట్టదు" అన్నారట పక్కాయనతో.

చల్లపల్లి దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి చివరి స్టాపుకు ఇంకో బస్సు, ఆపైన కరకట్ట దిగి నడక, చివర పాయ దాటడానికి పడవ. పాయకు అవతల పాలెం, పనిరోజుల్లో నా మకాం అక్కడే. ఆ పాలెం పేరు రాయను. తాటాకు ఇళ్ళు, ఇళ్ళమధ్య కొబ్బరిచెట్లు, ఒడ్డున ఆరేసిన వలలు, ఊరికి ఉత్తరాన పెద్ద ఇసుక దిబ్బ. మగవాళ్ళంతా వేటకు వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి, తట్టలకెత్తుకుని అమ్మకానికి వెళ్ళేవాళ్ళు. పిల్లల్ని పిల్లలే పెంచేవాళ్ళు.

నాకన్నా ముందు వెళ్ళినవాళ్ళు ఆ పిల్లలకు ఉప్పెన జాగ్రత్తలన్నీ కంఠస్థం చేయించారు. నేను వెళ్ళిన మొదటి రోజున దుర్గ అనే పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పింది. ఎత్తైన చోటుకు పోవాలి, వీలుకాకపోతే చెట్టుకు కట్టుకోవాలి, చిన్నపిల్లల్ని వీపున కట్టుకోవాలి. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల, నాలాగే కళ్ళు నేలమీద.

"ఏదీ, కట్టుకుని చూపించమ్మా" అని తాడిచ్చాను.

కొబ్బరిచెట్టు చుట్టూ తాడు తిప్పి, ముచ్చటగా ముడి వేసి, పక్కన నిలబడింది. చెట్టును కట్టేసింది. తను బయటే ఉంది.

పిల్లలందరూ విరగబడి నవ్వారు. వాళ్ళలో నాంచారి అనే పిల్ల, "చెట్టు కొట్టుకుపోకండా కట్టిందండీ" అంది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అన్నీ తెలిసిన పిల్ల, ఒక్కటీ చేయలేని పిల్ల, ఇద్దరూ ఒకరేనని అంతకుముందు నేనెప్పుడూ అనుకోలేదు. పుస్తకాలు చదివే మనుషులకు ఇది ఆలస్యంగా అర్థమవుతుంది.

భయం పాళ్ళు

పాఠం పక్కన పెట్టి ఆట మొదలుపెట్టాను. కొత్తమ్మాయికి ఈ భాగం పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చేతికి ఏదైనా రావాలంటే మెట్లు మెట్లుగా రావాలి. మొదట పొడి తాడు, పగటి వెలుగు, కళ్ళు తెరిచి. అది ఆలోచించకుండానే చేతికి వచ్చాక తడి తాడు. తడి తాడు బిగుసుకుంటుంది, వేళ్ళు మొద్దుబారతాయి. అది వచ్చాక కళ్ళు మూసుకుని. ఆ తర్వాత వీపున తమ్ముణ్ణో చెల్లెల్నో కట్టుకుని. ఆ తర్వాత పక్కన ఇంకో పిల్ల బిందెతో నీళ్ళు మొహాన కొడుతుండగా. ఒక మెట్టు కుదరకుండా పై మెట్టు ఎక్కించకండి. నేను ఎక్కించాను. మొదటి ఏడాది వానాకాలంలో, ఇంకా కళ్ళు తెరిచే ముడి సరిగా రాని పిల్లల చుట్టూ డబ్బాలు వాయించి, నీళ్ళు కొట్టి, గాలివాన తెచ్చిపెట్టాను. ఒక పిల్లవాడు కొయ్యబారిపోయాడు. తాడు చేతిలో ఉంది, చేయి లేదు. ఆ పిల్లవాడు మళ్ళీ ఆటకు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక కూడా డబ్బా చప్పుడైతే చెవులు మూసుకునేవాడు.

భయం కూరలో ఉప్పులాంటిదే. బొత్తిగా లేకపోతే పిల్లలు ముడి వేస్తూ కబుర్లు చెప్పుకుంటారు, నేర్చుకున్నది గాలికి నిలవదు. ఎక్కువైతే నేర్చుకునే చేయే పనిచేయదు. ఎంత వేయాలో ప్రతి పిల్లకీ వేరు. వాళ్ళ మొహాలు చూస్తూ వేయాలి.

ఇంకొకటి. ఓడిపోయిన పిల్ల మళ్ళీ ఆడతానంటుంది. తప్పు చేశానని అనిపించుకున్న పిల్ల దాక్కుంటుంది. ముడి జారితే "ఆవిడ తీసుకుపోయింది, రా, మళ్ళీ పుట్టు" అనేవాళ్ళం. పిల్లలు కిందపడి చచ్చినట్టు నటించి, లేచి, మళ్ళీ కట్టుకునేవాళ్ళు. ఒక్క మధ్యాహ్నంలో ఒక్కొక్కరు ఎన్నిసార్లు చచ్చి పుట్టేవాళ్ళో. ఆటలో అన్నిసార్లు చావనిస్తేనే చేతికి పని వస్తుందని నా నమ్మకం.

అనకూడని మాట

ఆవిడ ఎవరో చెప్పాలి.

వెళ్ళిన కొత్తలో నేను "ఉప్పెన ఆట ఆడదాం" అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పని ఆపేశారు. దుర్గ నాయనమ్మ వీరమ్మ చేపల తట్ట దింపి నా దగ్గరకొచ్చింది. ఆ పాలెంలో ఆమె మాటకు తిరుగులేదు.

"ఆ మాట అనబాకండి టీచరుగారండీ. మగోళ్ళు నీళ్ళమీదున్నారు."

వేటకు వెళ్ళినవాళ్ళు ఒడ్డెక్కేదాకా ఉప్పెన అనే పేరు ఆ పాలెంలో ఎవరూ ఎత్తరు. అంటే పిలిచినట్టే. తప్పనిసరైతే ‘ఆవిడ’ అంటారు. ఆవిడొచ్చింది అని మాత్రం ఆ మాటతో కూడా అనరు.

"మరి పిల్లలకు ఎలా నేర్పమంటారండీ?" అన్నాను.

వీరమ్మ ఆలోచించింది. "మీరనండి. మీరు పైవోళ్ళు. మీ మనుషులెవరూ నీళ్ళమీద లేరు. మీరంటే తగలదు. మా పిల్లల నోట మాత్రం రాకూడదు."

అలా ఒప్పందం కుదిరింది. ఆటకు ‘ఆవిడొచ్చింది’ అని పేరు పెట్టుకున్నాం, ఆ పేరు పలికేది నేను మాత్రమే. పిల్లలు ఇళ్ళముందు తమ పనుల్లో ఉండేవాళ్ళు. నేను అటూ ఇటూ తిరుగుతూ ఏదో కథ చెబుతూ, మధ్యలో ఏ నిమిషాన్నైనా "ఆవిడొచ్చింది" అని కేక వేసేదాన్ని. వెంటనే చిన్నవాళ్ళను వీపున కట్టుకుని దిబ్బ మీదికి పరుగు. నేను అంకెలు లెక్కపెడతాను. లెక్క అయ్యేలోగా దిబ్బ అందదనుకుంటే దగ్గరున్న చెట్టుకు కట్టుకోవాలి. కేక వినకుండా ముందే పరిగెత్తితే దొంగాట, అవుటు.

ఆ ఏర్పాటు అందరికీ నచ్చింది. ఆచారం చెడలేదు. మాస్టారుకు క్రమశిక్షణ కనిపించింది. నాకైతే మరీ నచ్చింది. కేక వేసేది నేనైతే పరిగెత్తాల్సిన పని నాకు లేదు కదా.

దొంగాట

నాంచారి ఆటకు పెద్ద తలనొప్పి. నా మొహం చూసి కేక ఎప్పుడు వస్తుందో కనిపెట్టేది. నేను ఊపిరి పీల్చుకోగానే పరిగెత్తేది. రోజూ అవుటయ్యేది.

"నాంచారీ, నేను అన్నానా?"

"అనబోయారుగండీ."

"అనబోతే లెక్క కాదు. కూర్చో."

"ఆవిడ కూడా మీరు అనేదాకా ఆగుద్దాండీ?"

పిల్లలు నవ్వారు. నేను దాన్ని అవుట్ చేసి కూర్చోబెట్టాను. ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించలేదు. మాస్టారు తనిఖీకి వచ్చినప్పుడు కూడా నాంచారిని చూసి, "ఒక్క పిల్లవల్ల లైనంతా చెడుతుంది, దీన్ని ఆటలో పెట్టకు" అన్నారు. దుర్గను చూసి వీపు తట్టారు. దుర్గ ఒక్కసారి కూడా ముందు కదల్లేదు. కేక పడ్డాక మాత్రం ముడిలో, పరుగులో, అందరికన్నా నిదానంగా, అందరికన్నా కచ్చితంగా చేసేది. చెట్టును కట్టేసిన పిల్లేనా ఇది అనిపించేది. నా పనితనమంతా ఆ పిల్ల వేళ్ళలో ఉందని లోలోపల గర్వపడేదాన్ని.

ఆ కార్తీకంలో వాయుగుండం సంగతి రేడియోలో చెప్పేటప్పటికే పాలెం మగవాళ్ళు వేటకు వెళ్ళిపోయారు. ఆ ఉదయం నేను పాయ దాటి ఇవతలి ఊరికి కిరసనాయిలు తెచ్చుకోవడానికి వచ్చాను. తిరిగి రేవుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. గాలి లేచింది. పడవవాడు పడవను పైకి లాగేసి కట్టేశాడు.

"ఈ గాల్లో దాటలేమమ్మా" అన్నాడు.

అప్పుడు చూశాను. పాయ వెనక్కి పారుతోంది. పోటు వేళ కాకపోయినా, సముద్రం వైపు పోవాల్సిన నీళ్ళు సముద్రంవైపునుంచి వస్తున్నాయి. అల లేదు, చప్పుడు లేదు. పాలెం ఒడ్డున కట్టిన గుంజలు ఒక్కొక్కటే పొట్టివైపోతున్నాయి. ఉప్పెన అంటే కొండలాంటి అల అనుకునేదాన్ని. ఇది గిన్నెలో పాలు పొంగినట్టు, ఎవరూ చూడనప్పుడు వచ్చేస్తోంది.

అవతలి ఒడ్డున పాలెమంతా కనిపిస్తోంది. ఆడవాళ్ళు నీళ్ళకెదురుగా నిలబడి సముద్రంకేసి చూస్తున్నారు. వీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. పిల్లలు ఇళ్ళముందు నిలబడి ఉన్నారు. నీళ్ళను చూడటం లేదు. నన్ను చూస్తున్నారు.

మామూలు రోజుల్లో అవతల ఎవరైనా పిలిస్తే ఇవతల పలికేవాళ్ళం. ఆ రోజు గాలి వాళ్ళవైపునుంచి నావైపు వీస్తోంది. "ఆవిడొచ్చింది" అని అరిచాను. నా అరుపు నా వెనక్కే పోయింది. గొంతు చిరిగేలా అరిచాను. రెండు చేతులూ ఎత్తి ఊపాను, దిబ్బ వైపు చూపించాను.

పిల్లలు కూడా చేతులు ఊపారు. టీచరు పలకరిస్తోందనుకున్నారు.

ఇన్నాళ్ళయినా ఆ చేతులు ఊపడం నా కళ్ళముందునుంచి పోలేదు. నేను చేతులు దించలేను. దించితే వాళ్ళు ఏమనుకుంటారో తెలియదు. ఎత్తితే ఊపుతున్నారు. నీళ్ళు మొదటి వరస ఇళ్ళ అరుగులకు వచ్చాయి. అరిచే హక్కున్న ఒక్క మనిషిని నేను, నీళ్ళకు ఇవతల ఉన్నాను. అవతల ఉన్నవాళ్ళలో ఎవరి నోటా ఆ మాట రాకూడదు, వాళ్ళ మగవాళ్ళు నీళ్ళమీదున్నారు.

అప్పుడు నాంచారి పరిగెత్తింది. ఎవరూ అనకుండానే, ఎప్పటిలాగే, దొంగాట. దాని వెనక పిల్లలంతా దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తారు. వాళ్ళు ఏం అరిచారో గాలి హోరులో నాకు తెలియలేదు కానీ నోళ్ళు కనిపించాయి. "అవుటు, అవుటు" అని అరిచారట. పిల్లలు దిబ్బవైపు పోతుంటే వాళ్ళను వెనక్కి లాక్కురావడానికి ఆడవాళ్ళు పరిగెత్తారు. తిట్టుకుంటూ, పట్టుకుంటూ, అందరూ దిబ్బ ఎక్కేశారు.

ఒక్క దుర్గ తప్ప. తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. తర్వాత వాన అడ్డమొచ్చింది. నాకింకేమీ కనపడలేదు.

మర్నాడు

గాలి తగ్గాక మర్నాడు పొద్దున పడవవాడు దాటించాడు. పడవలో నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నీళ్ళను చూసే ధైర్యం లేక కాదు. ఆ ఒడ్డును చూసే ధైర్యం లేక.

దుర్గ బతికే ఉంది. నీళ్ళు గుమ్మం దాటి వచ్చేసరికి దిబ్బకు దారి మునిగిపోయిందట. తమ్ముణ్ణి వీపున కట్టుకుని, ఇంటి పక్క కొబ్బరిచెట్టుకు తనను తాను తడి మోకుతో కట్టుకుంది. నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి. సాయంత్రానికి తీశాయి. దిబ్బమీదినుంచి దిగివచ్చిన ఆడవాళ్ళకు ముడి విప్పడం చేతకాలేదు, కత్తిపీటతో కోశారు. తమ్ముడు నిద్రపోతున్నాడట.

నేను వెళ్ళేసరికి దుర్గ అరుగుమీద కూర్చుని ఉంది. చంకల కింద తాడు ఒరుసుకున్న చోట పసుపు రాశారు. నేను పక్కన కూర్చున్నాను.

"అందరూ పోయారుగా అమ్మా. నువ్వెందుకు ఆగిపోయావు?"

నింద లేకుండా, పాఠం ఒప్పజెప్పినట్టే చెప్పింది.

"మీరు అనలేదుగండీ."

మగవాళ్ళ పడవలు కొట్టుకుపోయి దక్షిణాన వేరే రేవుకు చేరాయి. నాలుగు రోజుల్లో అందరూ వచ్చారు. ఆ ఏడాది వచ్చింది చిన్నదే, పక్క ఊళ్ళలో దాన్ని ఉప్పెన అని కూడా అనలేదు. పెద్దది వస్తే ఎలా ఉంటుందో ముసలివాళ్ళు చెప్పరు. అడిగితే లేచి వెళ్ళిపోతారు.

నేను నేర్పినదంతా దుర్గ చేతుల్లో పనిచేసింది. నేను నా దగ్గర అట్టేపెట్టుకున్నది ఒక్కటే, మొదలుపెట్టడం. అదే పనిచేయలేదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలనుకుంటే కొత్తమ్మాయి దీన్ని గుర్తుంచుకోవాలి. ఏ ఆటలోనైనా ఏ పని మీరు చేసి పెడుతున్నారో, ఆ పని పిల్లలకు రాదు.

మాస్టారు

వెంకటరత్నం మాస్టారు అంతా విని, "విజిల్ ఇచ్చుంటే వినపడేది" అన్నారు. బీరువాలోంచి కొత్తది తీసి నా ముందు పెట్టారు.

నేనాయనతో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. ఆ రోజు కూడా బల్లకేసి చూస్తూనే అడిగాను. "ఇది ఎవరి మెడలో ఉంటుందండీ?"

"నీ మెడలో."

"నేను ఇవతల ఉన్నానండీ."

ఆయన విజిల్ వెనక్కి తీసుకున్నారు. మంచి మనిషి. పిల్లల్ని ఒక వరసలో నిలబెట్టడం ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ వరసవల్ల తోపులాట తప్పి ప్రాణాలు దక్కే సందర్భాలూ ఉంటాయి. కానీ వరసలో నిలబడ్డవాళ్ళు ఎవరో చెప్పేదాకా ఎదురుచూస్తారు. జీవితమంతా డ్రిల్లు నేర్పిన మనిషికి అది మింగుడుపడటం కష్టమే.

తర్వాతి నెలలో ఆయన పాలెం వచ్చారు. మెడలో విజిల్ లేదు. నాంచారిని పిలిచి, "ఏమే, దొంగా, నీకు ఎలా తెలిసింది?" అన్నారు.

"కాళ్ళకి చల్లగా తగిలిందండీ" అంది నాంచారి.

కొత్త షరతు

ఆట షరతులు మార్చాలి. నీళ్ళను ముందు ఎవరు చూస్తే వాళ్ళే అరవాలి. పొరపాటున అరిచినా అవుటు లేదు. కేక విన్నవాళ్ళు నిజమా కాదా అని వెనక్కి తిరిగి చూడకూడదు, ముందు దిబ్బ ఎక్కాలి. మూడూ చెప్పడానికి సులువే. కానీ మొదటిదానికి వీరమ్మ ఒప్పుకోవాలి.

ఆడవాళ్ళంతా కూర్చున్నారు. కొందరు ససేమిరా అన్నారు. ఆ రోజు ఎవరూ అనలేదు కాబట్టే మగవాళ్ళు తిరిగొచ్చారని ఒకామె అంది. పుస్తకాల్లో ఉన్న జవాబు ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వీరమ్మే తేల్చింది. "ఆవిడకి కోపమొస్తే వచ్చింది. రేపు దీని మొగుడు నీళ్ళమీదకి పోవాలంటే ఇవాళ ఇది ఉండాలి కదా" అని దుర్గ తల మీద చేయి వేసింది. "అననీండి. అన్న పిల్ల ఆట అయిపోయినాక పాయలో దోసెడు నీళ్ళు పోసి, నిన్ను కాదమ్మా అని చెప్పుకోవాలి."

అలాగే చేశారు. ఆట అయ్యాక పిల్లలు ఒడ్డున వరసగా కూర్చుని "నిన్ను కాదమ్మా" అంటూ నీళ్ళు పోస్తుంటే నేను దిబ్బకేసి తిరిగి నిలబడేదాన్ని. వాళ్ళు మాట్లాడుతున్నది ఎవరితోనో నేను చూశాను కదా.

నాంచారికి పండగైంది. రోజుకు ఎన్నిసార్లు అరిచేదో. మాస్టారు వచ్చిన రోజున కూడా అరిచింది. ఆయన పంచె ఎగగట్టి అందరితోపాటు పరిగెత్తి, దిబ్బ మధ్యలో జారి కూలబడ్డారు. "మళ్ళీ పుట్టండి మాస్టారండీ" అన్నారు పిల్లలు.

దుర్గ మాత్రం అరవలేకపోయింది. దాని వంతు వచ్చినప్పుడు పెదవులు విచ్చుకునేవి, శబ్దం రాదు. మెడ నరాలు లేచేవి. ఆ పెదవులు నావే అనిపించేది. దీన్నీ మెట్లుగానే చేద్దామనుకున్నాను. మొదట నాంచారి చెవిలో గుసగుసగా చెబితే నాంచారి అరిచేది. తర్వాత ఖాళీ బిందెలో మొహం పెట్టి అనమన్నాను. బిందెలో అంటే గొంతు పెద్దదై తిరిగొస్తుంది, ఎవరిదో అన్నట్టు. అందులో అనగలిగింది. బిందె తీస్తే లేదు. నెలలు గడిచాయి. బిందె దగ్గరే ఆగిపోయాం.

ఇంకో వానాకాలం వచ్చేసరికి నేను ఉద్యోగం మానేయాలని నిశ్చయించుకున్నాను. కారణం ఇంట్లో అనారోగ్యం అని రాసిచ్చాను, నిజానికి భయం. విజయవాడలో కాలువ గట్టుమీద నడుస్తూ నీళ్ళు ఎటు పారుతున్నాయో నిలబడి చూసుకునేదాన్ని. ఎవరైనా దూరంనుంచి చేయి ఊపితే తల తిప్పుకునేదాన్ని. కొత్తమ్మాయికి ఈ మాట దాచడం న్యాయం కాదు. ఈ పనిలో భయం తగ్గదు. తగ్గితే పని చెడుతుంది. అది మీరు మోయగలిగినంత ఉన్నంతకాలం చేయండి. తర్వాత ఇంకొకరికి అప్పగించండి.

రేవు దగ్గర

చివరి రోజు గాలి లేదు. పాయ అద్దంలా ఉంది. వీరమ్మ ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. "మైలవరంలో ఏరు లేదు, కాలవ లేదు, బాగా నిద్రపోండి" అంది. తను నా కారణం నమ్మలేదని అప్పుడు తెలిసింది. నాంచారి నా సంచి పడవదాకా మోసింది. దుర్గ రేవుకు రాలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలోనే ఉంది, ఆ రోజులాగే.

పడవ ఇవతలికి చేరింది. సంచి భుజానికి తగిలించుకుని, కరకట్టకేసి నాలుగడుగులు వేశాను. వెనక్కి తిరిగి చేయి ఊపాలనిపించింది. ఊపలేను. ఆ ఒడ్డుకు నేను ఇంకెప్పుడూ చేయి ఊపలేను.

అప్పుడు వినపడింది.

"ఆవిడొచ్చింది."

నాంచారి గొంతు కాదు. బిందెలో తప్ప ఎక్కడా నేను వినని గొంతు. సన్నగా, నీళ్ళమీదుగా, తిన్నగా నా వీపుకే వచ్చింది.

ఆ మాట నాకోసం ఎవరైనా అరవడం అదే మొదటిసారి. గాలి లేదు, మబ్బు లేదు, పాయ కదలడం లేదని ఇప్పుడే చూశాను. ఆట అని తెలుసు. సంవత్సరాలుగా కిటికీ ఊచల దగ్గర తేలని సంగతి ఒక్క క్షణంలో తేలాలి. తిరిగి చూడకూడదన్న షరతు నేను పెట్టిందే.

పరిగెత్తాను. చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని, సంచి వీపున కొట్టుకుంటుంటే, చెప్పు ఒకటి బురదలో వదిలేసి, కరకట్ట ఎక్కాను. సగం ఎక్కాక ఊపిరి అందక ఆగబోయాను. అవతలి ఒడ్డునుంచి ఈసారి ఇంకా పెద్దగా వచ్చింది దుర్గ గొంతు.

"ఆగబాకండి టీచరుగారండీ. ఆవిడ మీ వెనకమాలే ఉంది."